"మా వాడికి తెలీదు" అన్న ఆ ఒక్క మాట

ప్రశ్న: అక్కా, నేను మూడేళ్లుగా చెప్పుల షాపులో సేల్స్‌లో చేస్తున్నాను. పోయిన వారం ఒకాయన పదిహేను రోజుల కింద కొన్న బూట్లు తెచ్చి, సైజు సరిపోలేదు మార్చమన్నాడు. అడుగున మట్టి ఉంది, మడమ దగ్గర అరిగింది కూడా. వాడిన జత వెనక్కి తీసుకోకూడదని మా షాపు రూలు, బిల్లు మీద కూడా రాసి ఉంటుంది. మర్యాదగానే చెప్పాను. "నీలాంటివాణ్ణి ఎవడు పెట్టుకున్నాడు ఇక్కడ, మేనేజర్ని పిలువు" అని అందరి ముందూ అరిచాడు. మేనేజర్ వచ్చి, "సారీ సార్, మా వాడికి తెలీదు" అని నవ్వుతూ కొత్త జత ఇచ్చి పంపాడు. ఆ వెంటనే వచ్చిన పెద్దాయన రెండు కాళ్లకీ వేసి చూస్తానంటే, "ఒకదానికి సరిపోతే రెండోదానికీ సరిపోతుంది లెండి" అని కసిరాను. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అప్పట్నుంచి సరిగ్గా నిద్ర పట్టట్లేదు. నాకు ఓర్పు లేదా? ఈ పని మానేయనా?

తమ్ముడూ,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఆ బూట్లాయన మీదే కోపం వచ్చింది. రెండోసారి చదువుతుంటే కోపం చోటు మారింది. అరిచిన మనిషి గురించి నువ్వు రాసింది రెండు వాక్యాలే. మేనేజర్ నీ వైపు చూడకుండా కొత్త పెట్టె తీసుకురావడం, బిల్లింగ్‌లో అమ్మాయి తల దించుకోవడం, ఆయన బయటికి వెళ్తూ నీ వైపు చూసిన చూపు, వీటి గురించి మాత్రం పేజీకి పైనే రాశావు (పైన కుదించి వేశాను, ఏమీ అనుకోకు). నిద్ర చెడగొడుతున్నది ఏదో నీ ఉత్తరంలోనే ఉంది. తిట్లు నాలుగు రోజుల్లో పోతాయి. "మా వాడికి తెలీదు" మాత్రం పోవట్లేదు, ఎందుకంటే నీకు తెలుసు. వాళ్లు నేర్పిందే చెప్పావు, బిల్లు మీద అచ్చేసిందే చెప్పావు.

కాబట్టి నీకు ఓర్పు లేదా అంటే, నాకైతే అది ఓర్పు గొడవలా కనిపించట్లేదు. నీ చేతికి రూలు ఇచ్చారు, దాన్ని సడలించే అధికారం ఇవ్వలేదు, ఆ అధికారం ఉన్న మనిషేమో గొడవ పెద్దదయ్యాక వచ్చి మంచివాడైపోయాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, కౌంటర్ దగ్గర నిలబడే ప్రతివాళ్లదీ అదే పరిస్థితి. రూలు చెప్తే కస్టమర్‌కి కోపం, చెప్పకుండా మార్చేస్తే మేనేజర్‌కి కోపం, రేపు స్టాక్ లెక్కలో ఆ జత తేలకపోతే అదీ నీ మెడకే.

నేనూ ఆరేళ్లు ఫ్లోర్ మీద నిలబడ్డదాన్నే. ఇంటి సామాన్ల సెక్షన్, ఫ్యాన్లు, హీటర్లు, ఇస్త్రీ పెట్టెలు. ఒకసారి ఒకావిడ ఇస్త్రీ పెట్టె తెచ్చి, "ఒక్కసారి కూడా వాడలేదు, అసలు వేడెక్కట్లేదు, డబ్బులిచ్చేయండి" అంది. తిప్పి చూశాను కదా, అడుగు పలకకి అరచేతిలో సగమంత నీలం గుడ్డ మాడి అతుక్కుపోయి ఉంది, దాని మీద కుట్టు కూడా కనిపిస్తోంది. నాకు నవ్వాగలేదు. "వేడెక్కకుండానే ఇదెలా మాడిందండీ?" అన్నాను, పక్కనున్న ఇద్దరు కస్టమర్లకి కూడా వినపడేలా. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. ఆ తర్వాత అరగంట సేపు షాపు దద్దరిల్లింది, నేను అడుగడుగునా కరెక్టే, అయినా అడుగడుగునా ఓడిపోతూనే ఉన్నాను.

చివరికి దాన్ని సర్వీసుకి పంపితే తేలిందేమిటంటే లోపల థర్మోస్టాట్ పోయింది. అది పోతే వేడి ఆగాల్సిన చోట ఆగదు, పెరుగుతూనే ఉంటుంది, అందుకే గుడ్డ మాడింది, ఆ వేడికే లోపలున్న థర్మల్ ఫ్యూజ్ కొట్టేసింది, అందుకే తర్వాత వేడెక్కలేదు. అంటే ఆవిడ వస్తువు నిజంగానే లోపం ఉన్న వస్తువు, వారంటీలో దర్జాగా మారేదే. "ఒక్కసారి కూడా వాడలేదు" అన్నదొక్కటే అబద్ధం. ఎందుకు చెప్పింది? వాడానంటే మేము తీసుకోమేమోనని భయపడి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే గొడవకి తయారై వచ్చింది, నేనేమో మొదటి మాటతోనే ఆ గొడవ ఆవిడ చేతికిచ్చాను.

ఈ కథ చెప్పింది నీ బూట్లాయన మంచివాడని చెప్పడానికి కాదు. ఆయన బూట్లలో థర్మోస్టాట్ ఏమీ లేదు. కానీ రిటర్న్ సంచీ పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది ముందే బిగుసుకుని వస్తారు, దారి పొడుగునా మనతో మనసులో వాదించుకుంటూ వస్తారు, అది ఒకసారి కళ్లతో చూశాక నా పని కొంచెం తేలికైంది. అలా వచ్చినవాళ్లకి "రూల్ ప్రకారం కుదరదండీ" అన్న మాట ఎంత మర్యాదగా చెప్పినా అగ్గిపుల్లే. ఆ మాట నిజం కావచ్చు, మొదటి మాటగా మాత్రం పనికిరాదు.

నేను తర్వాత నేర్చుకున్నది ఏమిటంటే, ముందు వస్తువుని చేతిలోకి తీసుకోవడం. బూటైతే రెండు చేతులతో తీసుకుని, తిప్పి, అడుగు చూసి, లోపల చెయ్యి పెట్టి చూడు. మట్టి నువ్వు చూశావని ఆయనకి తెలుస్తుంది, నోటితో అననక్కర్లేదు. అప్పుడు అడుగు, "ఎక్కడ పడుతోందండీ, వేళ్ల దగ్గరా, మడమ దగ్గరా?" అని. నిజంగా సైజు సమస్యే అయితే వెంటనే చూపిస్తాడు, కావాలంటే సాక్సు కూడా తీసి చూపిస్తాడు. లోపల ఇన్‌సోల్ మార్చితేనో, తోలుదైతే కాస్త సాగదీయిస్తేనో సరిపోతుందేమో అప్పుడు చెప్పొచ్చు. సైజు సాకు మాత్రమే అయితే అక్కడే తడబడతాడు, కానీ తడబడ్డాడని నువ్వు నవ్వకూడదు, నా ఇస్త్రీ పెట్టె గుర్తుపెట్టుకో. ఇక కాదని చెప్పక తప్పకపోతే కాదన్న మాట కంటే ముందు అయ్యేదేదో చెప్పు. "జత మార్చడం నా చేతిలో లేదండీ, మేనేజర్ గారిని అడిగి రెండు నిమిషాల్లో వస్తాను" అనడానికీ, "కుదరదు, కావాలంటే మేనేజర్ని అడగండి" అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో నువ్వు ఆయన పని మీద వెళ్తున్నావు. ఒకవేళ లోపలివాళ్లు సరే అంటే ఆ సరే అన్న మాట నీ నోటి నుంచే వస్తుంది. నీ మాట తీసేసి ఇంకొకరు ఒప్పుకునే సీను అసలు రాదు.

ఇప్పుడు అసలు పని. మేనేజర్‌తో మాట్లాడాలి, అదీ ఈ వారంలోనే. ఫ్లోర్ మీద వద్దు, రద్దీ టైంలో వద్దు, ఆయన టార్గెట్ షీటు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు అసలే వద్దు. పొద్దున షట్టర్ ఎత్తాక కస్టమర్లు రావడానికి ముందు పది నిమిషాలు ఉంటాయి కదా, అప్పుడు. "నన్ను అవమానించారు" అని మొదలుపెట్టకు, అది నిజమే అయినా. అలా మొదలుపెడితే ఆయన తనని తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు, మాట అక్కడే ఆగిపోతుంది. పని గురించి అడుగు. వాడిన జత వస్తే ఎంతవరకు నేనే మార్చొచ్చు? నేను మార్చకూడని కేసైతే కస్టమర్‌కి ఏదీ చెప్పకముందే మీ దగ్గరికి రావచ్చా? మీరు మార్చాలనుకుంటే "మా వాడికి తెలీదు" అనే బదులు "మా వాడు చెప్పింది రూలేనండీ, ఈసారికి నేను మారుస్తున్నాను" అనగలరా? ఈ మూడోది అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. రాసుకుని వెళ్లు, చూసి చదివినా తప్పేం లేదు. ఆ ఒక్క వాక్యంలో కస్టమర్‌కి కావలసింది దొరుకుతుంది, మేనేజర్ పెద్దరికం నిలుస్తుంది, నీ మర్యాదా పోదు. పైసా ఖర్చు లేని మార్పు.

ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడు, జాలి కోసం కాదు, మాట ఎలా పెట్టాలో తెలియడం కోసం. ఆయనకి పై నుంచి ఫిర్యాదుల లెక్క వస్తుంది, ఒక జత బూట్ల నష్టం కంటే ఒక కంప్లైంటు ఆయనకి ఎక్కువ తలనొప్పి. అందుకే త్వరగా వదిలించుకున్నాడు. కానీ ఆ బూట్లాయన ఆ రోజు ఏం నేర్చుకుని వెళ్లాడు? మామూలుగా అడిగితే పని కాదు, అరిస్తే రెండు నిమిషాల్లో అవుతుంది అని. ఈసారి గుమ్మంలోంచే అరుస్తూ వస్తాడు, అప్పుడు అది మేనేజర్‌కీ తలనొప్పే. ఇది ఆయనకి చెప్పొచ్చు, సరిగ్గా ఇలాగే చెప్పు.

మీ షాపులో కూడా "కస్టమర్ ఎప్పుడూ కరెక్టే" అని ఎక్కడో రాసి ఉండే ఉంటుంది. ఆ మాటని షికాగోలో పెద్ద స్టోరు నడిపిన మార్షల్ ఫీల్డ్‌కి, లండన్‌లో 1909లో తన పేరుతోనే పెద్ద స్టోరు తెరిచిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్‌కి అంటగడుతుంటారు. ఎవరు ముందన్నారన్నది పక్కన పెట్టు. ఆ కాలంలో సరుకు కొన్నాక మంచిచెడ్డలు కొన్నవాడి ఖర్మ అన్నదే చాలాచోట్ల వ్యాపార ధర్మం. దానికి ఎదురుగా, మా షాపులో మీ ఫిర్యాదు నమ్ముతాం అని యజమాని ఇచ్చిన హామీ అది. ఇచ్చింది యజమాని, నష్టం భరించేదీ యజమానే. కాలం గడిచేకొద్దీ ఆ హామీ గల్లాపెట్టె మీద నుంచి జారి, జీతం తీసుకుని నిలబడ్డవాడి నెత్తిన పడింది. సరుకు విషయంలో కస్టమర్ మాట నమ్మడం వేరు, నిన్ను ఏమన్నా పడాలి అనడం వేరు. ఆ రెండూ ఒకటే అని నీకు ఎవరైనా ట్రైనింగ్‌లో చెప్పి ఉంటే, తప్పు చెప్పారు.

సరే, అందరూ బూట్లాయనలే కాదులే. పదిహేను జతలు తీయించి, "మళ్లీ వస్తాం" అని వెళ్లేవాళ్లని నువ్వు ఉత్తరం చివర్లో తిట్టావు చూడు, అక్కడ మాత్రం నేను నీ పక్షం కాదు. వాళ్లు కష్టమైన కస్టమర్లు కారు, తేల్చుకోలేని కస్టమర్లు, వాళ్లకి తేల్చి పెట్టడమే మన ఉద్యోగం. నాలుగో జత తీసేలోపు వద్దన్న రెండు పెట్టెలు ముందునుంచి తీసేయాలి, ఎప్పుడూ మూడుకి మించి ఎదురుగా ఉండకూడదు. ఫోన్ తీసి, ఆన్‌లైన్‌లో తక్కువకుంది అనేవాళ్ల విషయమూ అంతే. అది నీ మీద దాడి కాదు, బేరం. తగ్గించే అధికారం ఉంటే తగ్గించు, లేకపోతే "అవునండీ, అక్కడ తక్కువే ఉంది, ఇక్కడైతే వేసుకుని నడిచి చూసి తీసుకెళ్లొచ్చు" అని ఊరుకో. కొంటే కొంటారు.

ఇక నిజంగానే మనిషిని చిన్నబుచ్చి ఆనందించేవాళ్లు కొందరుంటారు. వాళ్లు తక్కువమందే, గుర్తుండేది మాత్రం వాళ్లే. "రోజుకి నలభై మందిలో ఒక్కడే కదా" అని ఓదార్చేవాళ్లు నాకూ ఉండేవాళ్లు, ఆ లెక్క నాకు ఒక్కరోజు కూడా పనిచేయలేదు. పనిచేసింది వేరే ఉంది. నేనూ, పక్క సెక్షన్‌లో ఇంకో అమ్మాయీ ఒక మాట అనుకున్నాం. ఎవరైనా శృతి మించితే "ఆ చిన్న స్టూలు ఎక్కడుంది?" అని గట్టిగా అడగాలి, రెండో మనిషి వెంటనే వచ్చి "నేను చూస్తానులే, నిన్ను లోపల పిలుస్తున్నారు" అనాలి. మా షాపులో చిన్న స్టూలనేదే లేదు. మనిషి మారితే కస్టమర్ గొంతు కూడా సగానికి దిగుతుంది, అప్పటిదాకా పెంచుకుంటూ వచ్చిన గొడవ కొత్త మొహం ముందు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి కదా, ఓపిక ఉండదు. మీ దగ్గర నమ్మకమైనవాళ్లు ఒకరుంటే చాలు.

చెయ్యి వేయడం, బూతులు, బెదిరింపులు, వీడియో తీసి పెడతాననడం, ఇవి ఈ లెక్కలోకి రావు. అక్కడ మంచి మాటలు వెతుక్కోకు. "ఇలా మాట్లాడితే నేను సర్వీస్ చేయలేనండీ" అని ఒక్కసారి చెప్పి వెనక్కి రా, మేనేజర్‌నో సెక్యూరిటీనో పిలువు, టైము, జరిగింది కాగితం మీద రాసి ఇవ్వు, సీసీ కెమెరా ఫుటేజీ పోకముందే తీసి ఉంచమను. ఇది నీ సున్నితత్వం కాదు. దక్షిణ కొరియాలో 2018 నుంచి, కస్టమర్ల దురుసుతనం నుంచి పనివాళ్లని కాపాడే బాధ్యత యజమానిదేనని చట్టం ఉంది, అవసరమైతే ఆ మనిషిని కాసేపు పని నుంచి తప్పించాలి కూడా. కస్టమర్లు సిబ్బందిని వేధించకూడదని టోక్యో చేసిన ఆర్డినెన్సు 2025 ఏప్రిల్లో అమల్లోకి వచ్చింది. దానికి శిక్షలేమీ లేవు, అయినా తప్పు ఎవరిదో కాగితం మీద రాసిపెట్టారు.

ఆ "కాసేపు తప్పించడం" అన్న దగ్గర నేను ఆగాను. ఆ రోజు నీకు కావలసింది అదే. అరుపులు తిన్నాక ఒళ్లు చల్లబడటానికి కొంచెం సేపు పడుతుంది, చేతులు వణుకుతుంటాయి, గొంతు ఎండిపోతుంది, వినపడే ప్రతి మాటా గిల్లినట్టే ఉంటుంది. ఆ స్థితిలో నిన్ను పది నిమిషాలు స్టాక్ రూమ్‌కి పంపి ఉంటే, మంచినీళ్లు తాగి, నాలుగు పెట్టెలు సర్ది వచ్చేవాడివి. పంపలేదు. ముఖం మీదకి నవ్వు తెచ్చుకుని వెంటనే తర్వాతి మనిషి ముందు నిలబడ్డావు. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసేవాళ్లని పరిశీలించి 1983లోనే దీని గురించి రాసింది, జీతం కోసం భావాలను అదుపులో పెట్టుకోవడం, లేనివి తెచ్చిపెట్టుకోవడం కూడా శ్రమే అని. ఎమోషనల్ లేబర్ అని దానికి పేరు పెట్టింది. బస్తాలు మోసినవాణ్ణి కాసేపు కూర్చోమంటాం, రోజంతా నవ్వు మోసినవాణ్ణి మాత్రం ఎవరూ అనరు. అందుకని మేనేజర్‌ని అడిగే వాటిలో ఇది కూడా చేర్చుకో, గొడవ జరిగిన ప్రతిసారీ పది నిమిషాలు ఫ్లోర్ మీద నుంచి బయటికి. ఒప్పుకోకపోతే నువ్వే తీసుకో, ఏదో సైజు వెతకడానికి లోపలికి వెళ్లడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

మానేయనా అని అడిగావు. ఈ వారం మాత్రం తేల్చకు. నిద్ర లేనివాడు తీసుకునే నిర్ణయాల మీద నాకు నమ్మకం లేదు. ముందు ఆ పది నిమిషాల మాట అవనీ. ఆ తర్వాత రెండు నెలలు చూడు, గొడవ జరిగినప్పుడు ఆయన నీ పక్కన నిలబడుతున్నాడా, కస్టమర్ పక్కన నిలబడి నిన్ను చూపిస్తున్నాడా. రెండోదే అయితే వెతుక్కో, కానీ వెతుక్కోవాల్సింది ఇంకో మేనేజర్ని, ఇంకో వృత్తిని కాదు. మడమ అరగడం చూసి ఎన్నాళ్లు వాడారో చెప్పగలుగుతున్నావంటే మూడేళ్లలో నీకు పని బాగానే వచ్చింది. ఇంటర్వ్యూకి వెళ్తే జీతంతో పాటు ఇంకోటి కూడా అడుగు, "ఇక్కడ రిటర్న్ వస్తే ఎవరు నిర్ణయిస్తారు?" అని. వాళ్లు జవాబు చెప్పే తీరులోనే నీకు కావలసింది తెలిసిపోతుంది.

చివరిగా ఆ పెద్దాయన సంగతి. దీని గురించి నిన్ను ఓదార్చను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు బూట్లాయన ఎవరి మీది కోపమో నీ మీద చూపించాడు, నువ్వు దాన్ని ఆయన మీదకి తోశావు. పైగా ఆయన అడిగింది సరైనదే. చాలామందికి రెండు పాదాలూ ఒక్క కొలత ఉండవు, కొంచెమైనా తేడా ఉంటుంది, పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. రోజంతా నడిచాక సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కూడా, నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆయన వచ్చింది సాయంత్రమే. అంటే సరైన టైముకి వచ్చి, సరైన మాట అడిగాడు.

మళ్లీ వస్తాడో లేదో తెలీదు. వస్తే గుర్తుపట్టినట్టు చెప్పు, "ఆ రోజు తొందరపడ్డానండీ" అను, అంతకంటే సంజాయిషీ వద్దు. కుర్చీ లాగి కూర్చోబెట్టు. రెండు కాళ్లకీ వేయి, లేసులు నువ్వే కట్టు, లేచి నిలబడమను, అద్దం దాకా నడిచి రమ్మను. ఏ కాలికి బిగుతుగా ఉందో అడిగి, ఆయన చెప్పేదాకా ఆగు.